శేషారత్నం టీచరు ఒప్పుకోని మేలు

మా తుంగల్లంకలో ఎవరైనా మేలు చేస్తే, మేలు పొందినవాడు నోటితో ఏమీ అనడు. పాదు మీద ఉన్నదేదో ఒకటి తెంపి, పట్టుకెళ్ళి వాళ్ళ అరుగు మీద పెడతాడు. "ఇప్పుడివన్నీ ఎందుకండీ" అంటారు వాళ్ళు. "ఇంట్లో తినేవాళ్ళు లేక పారబోస్తున్నామండి" అంటాడు వీడు. రెండూ అబద్ధాలే. ఆ రెండు అబద్ధాలూ ఆడుకున్నాక ఇద్దరికీ కడుపు నిండినట్టుంటుంది. ఊరు ఇన్నాళ్ళూ ఇలాగే నడిచింది. కృతజ్ఞత అనే మాట పాఠ్యపుస్తకంలో చదివాం గానీ, ఎవరైనా వాడగా మేం వినలేదు.

మా అమ్మాయి హేమదుర్గకు శేషారత్నం టీచరు గారు సిఫార్సు లేఖ రాసిచ్చినప్పుడు నేను చేయబోయిందీ అదే.

మా అమ్మాయికి పశువైద్యం పాలిటెక్నిక్‌లో సీటు కావాలి. ఊహ తెలిసినప్పట్నుంచీ దానికి అదొక్కటే ధ్యాస. మార్కులు సరిపోయాయి. అయితే ఈ పిల్లకు పశువుల దగ్గర ఓర్పు ఉందని సైన్సు చెప్పిన టీచరు రాసివ్వాలట. ఆ కాలేజీవాళ్ళ షరతు. టీచరు గారు రాసిచ్చారు. నేనూ చదివాను. అందులో ఒక వాక్యం ఉంది: "గేదె ఈనేటప్పుడు అందరూ తోక వైపు చూస్తారు; ఈ అమ్మాయి గేదె కళ్ళలోకి చూస్తుంది." టీచరు గారు మా గొడ్లసావిట్లోకి వచ్చింది ఒక్కసారే, పాల కోసం. ఆ ఒక్కసారిలో అంత చూశారు.

మర్నాడు పొద్దున్నే పందిరి కింద వేలాడుతున్న పొట్లకాయల్లో బాగా నిడుపైనదాన్ని, చివర రాయి కట్టి తిన్నగా పెంచినదాన్ని కోసి, భుజాన వేసుకుని బడికి వెళ్ళాను.

గేటు దగ్గరే హెడ్మాస్టరు గారు చూశారు. ఆయన మొహం పాలిపోయింది.

"చిట్టబ్బాయి గారూ, అదేంటండీ?"

"పొట్లకాయండి."

"అది నాకూ కనబడతందండి. ఎవరికని?"

"టీచరు గారికండి. లెటరు రాసిచ్చారు కదండి."

"అమ్మ బాబోయ్! బడి ఆవరణలో! పట్టపగలు! కృతజ్ఞత!" అని ఆయన గేటు మూసి గొళ్ళెం పెట్టారు. "ఉత్తర్వు చూళ్ళేదాండీ తవరు?"

చూడలేదు. అప్పుడు చూపించారు.

ఆ ఉత్తర్వు పుట్టుక ఇదట. రాజధానిలో ఒక పెద్దమనిషి, కృతజ్ఞత తెలిపే జాతే ముందుకు పోతుందని ఉపన్యాసం ఇచ్చాడు. అదే వారం ఇంకో పెద్దమనిషి, టీచర్లకు పట్టుకెళ్ళే కాయా కసరూ లంచం కిందికే వస్తాయని నివేదిక ఇచ్చాడు. ఇద్దరూ పెద్దవాళ్ళే. ఏ ఒక్కరి మాటా తీసెయ్యడానికి లేదు. అందుకని రెండూ కలిపి ఒకటే ఉత్తర్వు చేశారు. దాని ప్రకారం టీచరుకు కృతజ్ఞత తెలపడం తప్పనిసరి. అనుమతి లేకుండా తెలపడం నేరం. సక్రమంగా తెలిపినట్టు ముద్ర పడని సిఫార్సు లేఖ ఏ కాలేజీలోనూ చెల్లదు. ఇదంతా చూసుకోవడానికి కాలవ అవతల టౌన్లో 'కృతజ్ఞతా క్రమబద్ధీకరణ విభాగం' అని ఒకటి తెరిచారు.

నేనూ, పొట్లకాయా, లేఖా కలిసి అక్కడికి వెళ్ళాం.

ఆ విభాగానికి అధికారి కోదండపాణి గారు. చొక్కా మడత నలగకుండా కూర్చోవడం తెలిసిన మనిషి. ఆయన పక్కన గుమస్తా ఏడుకొండలు, చేతిలో మూత తీసిన కలంతో. ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడినా రాయడం అతని ఉద్యోగం.

"సదరు పొట్లకాయ ఎవరిది?" అన్నారు అధికారి.

"మాదేనండి."

"ఏ ఉద్దేశంతో పెంచడమైనది?"

నేను కాసేపు ఆలోచించాను. "కాస్తుందనండి."

"రాసుకో ఏడుకొండలూ. ఉద్దేశం అస్పష్టం."

తర్వాత బల్ల మీద సిఫార్సు లేఖ పరిచి, దాని పక్కన పొట్లకాయ పెట్టారు. లేఖ జానెడు మేర ఉంది. కాయ బల్ల దాటి కిటికీ వైపు వెళ్ళిపోయింది. కోదండపాణి గారు దాని వెంట కిటికీ దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చున్నారు.

"మేలుకు మించిన కృతజ్ఞత," అన్నారు. "మేలుకు మించరాదు, తగ్గరాదు. అది నిబంధన. అధిక భాగాన్ని ఛేదించి దాతకు వాపసు చేయవలసినది."

ఏడుకొండలు లేఖ పొడుగుకు సరిపడా ముక్క కోసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. మిగతా కాయకు 'అధిక కృతజ్ఞత' అని చీటీ అంటించి నా భుజం మీద పెట్టాడు.

"వస్తురూప కృతజ్ఞత ఇంతటితో పరిష్కృతం," అన్నారు అధికారి. "ఇక మౌఖిక కృతజ్ఞత శేషించి ఉన్నది. బుధవారం మీ పాఠశాలలో మా సమక్షంలో మీరు తెలపాలి. మేలుదాత స్వీకరించాలి. ఇరువురి మాటలూ వాంగ్మూలంగా నమోదవుతాయి. ఆపైన ముద్ర." నాకో అచ్చుకాగితం ఇచ్చారు.

"నాకు మాట్టాడ్డం అలవాటు లేదండి," అన్నాను.

"అలవాటు లేని నోళ్ళకు మినహాయింపు లేదు."

బుధవారం వాళ్ళు పడవలో వచ్చారు. రేవు దగ్గర ఏడుకొండలు నా పక్కకు జరిగి మెల్లిగా అన్నాడు: "బాబాయ్, ఆ ముక్క బీరువాలో కుళ్ళిపోతాదని పెసరపప్పేసి వండించేశామండి. సాక్ష్యం చాలా లేతగా ఉంది."

బడి వరండాలో కుర్చీలు వేశారు. ఓ పక్క నేనూ, నా భార్య మంగతాయారూ, హేమదుర్గా. ఎదురుగా శేషారత్నం టీచరు గారు. నలుగురూ చూస్తుంటే కూర్చోవడం తెలియని మనిషి ఆవిడ. కొంగు చివర పట్టుకుని, విప్పి, మళ్ళీ పట్టుకుంటున్నారు. నేను అచ్చుకాగితం తీసి చదివాను:

"సిఫార్సు లేఖ రూపేణా నా కుమార్తెకు కలిగిన మేలుకు గాను, మేలుకు మించకయు తగ్గకయు, నా కృతజ్ఞతను ఇందుమూలముగా తెలియజేసుకొనుచున్నాను."

జన్మలో అంత పొడుగు మాట నేను అనలేదు. చెమటలు పట్టాయి. మంగతాయారు నావైపు చూసిన చూపులో, మా పెళ్ళయినప్పట్నుంచీ ఎప్పుడూ కనిపించని మెచ్చుకోలు ఉంది.

టీచరు గారు మొహమాటంతో ముడుచుకుపోయి అన్నారు: "అబ్బే! ఎంతమాట! నేను చేసిందేముందండీ? అంతా పిల్ల తెలివి."

ఏడుకొండలు కలం గీరిన చప్పుడైంది.

కోదండపాణి గారు కుర్చీలో ముందుకు వంగారు. "మళ్ళీ చెప్పండి. తమరు ఏమీ చేయలేదా?"

"ఏం చేశానండీ, రెండు ముక్కలు రాశాను. దానికింత..."

"మేలు చేయలేదని మేలుదాత స్వయంగా అంగీకరించినారు. రాసుకో. అంతా పిల్ల తెలివి అన్నారు. ఏమ్మా, నీ తెలివేనా?"

హేమదుర్గ బెదిరిపోయింది. "నాదేముందండి? అంతా టీచరు గారి చలవండి."

"రాసుకో. విద్యార్థిని తెలివి లేదన్నది. అమ్మా, తల్లిగారూ, పోనీ మీ పెంపకమా?"

"మేమేం పెంచామండి బాబూ," అంది మంగతాయారు, మాట నోట్లోంచి జారిపోయాక తెలుసుకుని. "అదే పెరిగింది. అంతా దేవుడి దయ."

హెడ్మాస్టరు గారు లేచి చేతులు జోడించారు. "అయ్యా, వాళ్ళందరూ మర్యాదకి అన్నారండి!"

"మర్యాదకు అన్న మాటలకొక గడి, నిజంగా అన్న మాటలకొక గడి పెట్టమంటారా? మా నమూనాలో ఉన్నది ఒక్కటే గడి. 'అన్న మాట' అని." కోదండపాణి గారు లేచి నిలబడ్డారు. "విచారణలో తేలినది యేమనగా: మేలు టీచరు చేయలేదు. తెలివి విద్యార్థినిది కాదు. పెంపకం తల్లిదండ్రులది కాదు. మిగిలిన దేవుడు విచారణకు హాజరు కాలేదు. జరగని మేలుకు పుట్టిన లేఖ చెల్లదు."

"అప్పీలు ఎవరికి పెట్టుకోవాలండి?" అని అడిగాను.

"నాకే. వచ్చే బుధవారం అప్పీలు అధికారి హోదాలో వస్తాను. ఈ హోదాలో నేను చేసినవి ఆ హోదాకు తెలియవు. ఆనాడు మేలుదాత, మేలు తానే చేశానని స్పష్టంగా ఒప్పుకుంటే పరిశీలిస్తాం. లేకుంటే అదే తుది రద్దు."

ఆ అప్పీలు మర్నాడే కాలేజీలో సీట్లు ఇచ్చే రోజు. హేమదుర్గ ఏడవలేదు. ఇంటికొచ్చి గేదె పక్కన పీట వేసుకుని కూర్చుని, దాని చెవి వెనక గోకుతూ ఉండిపోయింది. గేదె ఒకసారి తల తిప్పి చూసింది.

మంగతాయారు పొద్దున్నే లేచి కొప్పు బిగించి, టీచరు గారింటికి పాఠం చెప్పడానికి బయల్దేరింది. నేను వెనకాల వెళ్ళాను.

"అనండి టీచరు గారూ. 'నేనే చేశాను.'"

"నేనే..." ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. "నా వల్ల కాదు మంగతాయారూ. మా అమ్మ వింటే ఏమనుకుంటుంది?"

"మీ అమ్మగారు పోయి చాన్నాళ్ళయింది కదండి."

"అయినా వింటుంది."

"పోనీ మెల్లిగా అనండి. ఆవిడకి వినపడకుండా."

ఆవిడ మెల్లిగా అన్నారు. మాకూ వినపడలేదు.

ఒక్క మనిషిని మార్చడం కష్టమని, ఊరు ఊరంతా ముందు మారి చూపిస్తే ఆవిడకి ధైర్యం వస్తుందని హెడ్మాస్టరు గారు ఆలోచన చెప్పారు. ఊరికి హేమదుర్గ అంటే ఇష్టం. అది చెయ్యి వెయ్యని దూడ లంకలో లేదు. సరేనన్నారు.

ఆ సాయంత్రం అబ్బులు కొట్లో టీ తాగి, "బాగుందిరా" అన్నాను.

"బాగోక ఏం చేత్తాది? పెట్టింది నేను కదా," అన్నాడు అబ్బులు, రొమ్ము విరిచి. తర్వాత గొంతు తగ్గించి, "ఏంటి బాబాయ్, బాగానే అన్నానా?" అని అడిగాడు.

క్షవరాలు చేసే నాగేశు, "నా చెయ్యి పడ్డాకే మీకు మొహం వచ్చింది," అనడం మొదలెట్టాడు. ముగ్గులేసిన ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి, దారినపోయేవాళ్ళు మెచ్చుకునేదాకా పోనిచ్చేవాళ్ళు కాదు, మెచ్చుకున్నాక, "మరి వేసిందెవరనుకున్నారు?" అనేవాళ్ళు. ఒక ఇంటికి సంబంధం మాట్లాడ్డానికొచ్చిన ఆడపిల్లవాళ్ళు, "మీ అబ్బాయి బుద్ధిమంతుడేనాండి?" అని అడిగితే, పిల్లాడి తండ్రి, "వాడంతటివాడు ఈ భూమ్మీద పుట్టలేదండి," అన్నాడు. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, కాఫీ సగంలో వదిలేసి పడవెక్కేశారు.

శుక్రవారానికి, పోయిన వరదల్లో గట్టు తెగకుండా ఆపింది నేనంటే నేనని రెండు వీధులవాళ్ళు కలియబడ్డారు. అప్పటిదాకా, "ఏదో అందరం తలో బుట్టా మట్టేశాం," అనుకుని బతికినవాళ్ళే. ఆ తగువు తీర్చడానికి టీచరు గారినే పిలవాల్సొచ్చింది. ఆవిడ ఇరువర్గాలనూ కూర్చోబెట్టి తీర్చారు. "చక్కగా తీర్చారండీ," అన్నారందరూ. "నాదేముందండీ, మీరు పెద్దమనసు చేసుకున్నారు," అన్నారు ఆవిడ.

మంగతాయారు తల కొట్టుకుంది.

మంగళవారం నాటికి మాత్రం కొంత గుణం కనిపించింది. పెరట్లో మందార మొక్క ముందు నిలబడి, "నేనే చేశాను," అని టీచరు గారు పైకి అనగలిగారు. మనిషి మొహం చూస్తే మాట మింగేస్తున్నారు. అందుకని విచారణలో ఆవిడ గోడవైపు తిరిగి కూర్చునేలా కుర్చీ వేద్దామని తీర్మానించాం.

బుధవారం కోదండపాణి గారు అప్పీలు అధికారి హోదాలో వచ్చారు. హోదా మారింది గనక మా ఎవరినీ గుర్తుపట్టలేదు. నన్ను మళ్ళీ పేరడిగారు. వరండా నిండిపోయింది. టీచరు గారు గోడవైపు తిరిగి కూర్చున్నారు.

"మేలుదాత తమ వాంగ్మూలం ఇవ్వవచ్చు."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మెడ మీద నరం కదలడం నాకు కనిపించింది. "ఈ లేఖ నేనే రాశాను," అన్నారు. "ఈ పిల్లకి మేలు నేనే చేశాను. నేనే."

వరండా ఊపిరి వదిలింది. ఏడుకొండలు రాసుకున్నాడు. కోదండపాణి గారు ముద్ర పైకెత్తారు. ఆ సంతోషం పట్టలేక హెడ్మాస్టరు గారు చప్పట్లు కొట్టి, "అదరగొట్టేశారండీ టీచరు గారూ!" అనేశారు.

"అబ్బే, నాదేముందండీ," అన్నారు టీచరు గారు, ఇటు తిరిగి, నవ్వుతూ. "అంతా మంగతాయారు నేర్పింది."

ముద్ర గాల్లోనే ఆగిపోయింది.

"నేర్పిన వాంగ్మూలం," అన్నారు కోదండపాణి గారు. "పైగా మేలుదాత మరల నిరాకరించినారు. అప్పీలు కొట్టివేయడమైనది. లేఖ తుదిగా రద్దు. ఏడుకొండలూ, కాగితం సిద్ధం చెయ్యి. సంతకం పెట్టి విచారణ ముగిస్తాను."

టీచరు గారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. హేమదుర్గ లేచి ఆవిడ కుర్చీ పక్కన నిలబడింది.

మంగతాయారు లేచింది. బడి లోపలికెళ్ళి, ఇంటినుంచి తెచ్చిపెట్టిన కుండలోంచి మజ్జిగ గ్లాసుతో వచ్చింది. మా లంకలో ఇంటికొచ్చినవాడు మన కొంప ముంచి వెళ్ళినా మజ్జిగ తాగి వెళ్ళాలి. అందులో వింతేమీ లేదు. వింత ఏమిటంటే, గ్లాసు ఇచ్చేముందు ఆవిడ అధికారిని చూడలేదు. ఏడుకొండలు కలం వైపు చూసింది. మూత తీసే ఉంది.

"అయ్యగారూ," అంది, ఎన్నడూ నాతో వాడని గొంతుతో. "ఎండనపడి, పడవెక్కి, మా లంకకి రెండుమార్లు వచ్చారు. పరాయి పిల్ల కోసం ఇంత శ్రమ ఎవరు పడతారండి? తవరు చేసినంత మాకెవ్వరూ చెయ్యలేదండి."

కోదండపాణి గారూ ఈ గోదారి నీళ్ళు తాగి పెరిగినవాడే. ఆయన మొహం మెత్తబడింది. మజ్జిగ ఒక గుక్క తాగి, మీసం తుడుచుకుని, తల అడ్డంగా ఊపుతూ అన్నారు:

"అబ్బే, నేను చేసిందేముందమ్మా! అంతా మా ఏడుకొండలే."

కలం గీరింది. నిదానంగా, ఒక్క అక్షరం పోకుండా.

"ఏం రాస్తున్నావయ్యా?"

"తవరి వాంగ్మూలమండి. 'నేను ఏమీ చేయలేదు. అంతా ఏడుకొండలు చేసినాడు.'"

"అది మర్యాదకి అన్నాను!"

"ఉన్నది ఒక్క గడేనండి."

"కొట్టెయ్!"

"విచారణ ముగియకముందు అన్న మాట కొట్టెయ్యకూడదని తవరే కదండి సర్క్యులరిచ్చారు." ఏడుకొండలు సంచిలోంచి దాన్ని తీసి, వినయంగా రెండు చేతులతో అందించాడు. "మొదటి విచారణా తవరేం చెయ్యలేదు, అప్పీలూ తవరేం చెయ్యలేదు. అంచేత రద్దు కూడా ఎవరూ చెయ్యలేదండి. చేసిందేదైనా ఉంటే నేనే చెయ్యాలని తవరి మాటే చెబుతుంది."

కోదండపాణి గారు సర్క్యులరు చదివారు. కింద సంతకం చూశారు. తనదే. "ఇంకో గ్లాసు మజ్జిగ ఉందామ్మా?" అన్నారు.

ఏడుకొండలు లేఖ చేతిలోకి తీసుకుని చదివాడు. ఆ విభాగంలో దాన్ని కొలిచారు గానీ, అప్పటిదాకా ఎవరూ చదవలేదు. ఒకచోట ఆగి, తలెత్తాడు.

"గేదె కళ్ళలోకి చూత్తావని రాశారు. నిజమేనా అమ్మా?"

నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు, దాని నోట ఇప్పుడు ఏ మాట వస్తుందో. మంగతాయారు కళ్ళు గట్టిగా మూసుకుంది. శేషారత్నం టీచరు గారు మాత్రం మొహం మీంచి చేతులు తీసి పిల్ల వైపు చూశారు, క్లాసులో జవాబు కోసం చూసినట్టు.

"నిజమేనండి," అంది హేమదుర్గ. "మనం చూత్తే దానికి భయం తగ్గుద్దండి. నాకు తెలుసండి."

ఏడుకొండలు ముద్ర వేశాడు. బల్ల అదిరి మజ్జిగ గ్లాసు పక్కకు జరిగింది.

ఏమీ చేయని అధికారి అని పై ఆఫీసులో తేలడంతో కోదండపాణి గారికి వెంటనే పైస్థాయికి పదోన్నతి వచ్చిందని తర్వాత విన్నాం. ఆ సంగతి మాకు అనవసరం. మర్నాడు సీటు వచ్చింది.

కాలేజీకి వెళ్ళే రోజు హేమదుర్గ పెట్టె పట్టుకుని కాలవ దాటి బస్సు దగ్గరికి వచ్చింది. శేషారత్నం టీచరు గారు అక్కడే ఉన్నారు, ఎవరి కోసమో వచ్చినట్టు రోడ్డు వైపు చూస్తూ. పిల్ల వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. ఏమీ అనలేదు. ఆవిడా ఏమీ అనలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"జడ వదులైపోయింది. ఇటు తిరుగు," అన్నారు టీచరు గారు.

పిల్ల తిరిగింది. ఆవిడ రిబ్బను విప్పి, జడ మొత్తం విప్పేసి, మొదట్నుంచి అల్లడం మొదలెట్టారు.

"అమ్మగోరూ, టైమైపోయింది!" అని అరిచాడు కండక్టరు.

"నువ్వుండెహె, మూడు పాయలూ సమంగా రావద్దా?" అంది కిటికీ దగ్గరి ముసలావిడ. "ఎడమపక్క పాయ సన్నమైపోయిందండీ టీచరు గారూ!" అన్నారెవరో వెనకనుంచి. "కాదు, కుడిపక్కదే," అన్నాడు డ్రైవరు, తలుపు తీసుకుని దిగి, దగ్గరికొచ్చి చూసి. బస్సు బస్సంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి తలో మాటా చెబుతుంటే, ఆవిడ ఎవరి మాటా వినకుండా, తొందర పడకుండా, చివరి దాకా అల్లి రిబ్బను ముడివేశారు. తర్వాత పిల్ల వీపు మీద ఒక్కటి చరిచి, "ఎక్కు," అన్నారు.